రీస్టోర్ చేయని మజిల్ కారు అమ్మాలంటే: ధర ఎక్కడ పుడుతుంది?

2020 జనవరి 10న ఫ్లోరిడాలోని కిసిమ్మీలో మీకమ్ సంస్థ జరిపిన వేలంలో 1968 నాటి ఆకుపచ్చ ఫోర్డ్ మస్టాంగ్ ఒకటి 34 లక్షల డాలర్లు పలికింది. ఫీజులు కలిపితే 37.4 లక్షలు. అప్పటిదాకా ఏ మస్టాంగుకీ అంత ధర రాలేదు. ఆ కారేమీ తళతళలాడుతూ లేదు. పెయింటు వెలిసిపోయింది, రేకు మీద సొట్టలు, తుప్పు మచ్చలు అలాగే ఉన్నాయి. హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్వీన్ 'బులిట్' సినిమాలో నడిపిన అసలు కారు అదే. 1974లో ఒక కుటుంబం 6,000 డాలర్లకు కొని, కొన్నాళ్లు వాడి, తర్వాత దశాబ్దాల పాటు దాచుకుంది. కొత్త రంగు వేయించి మెరిపించి ఉంటే దాని విలువ తగ్గేదే తప్ప పెరిగేది కాదు.

అంత పేరున్న కారు మళ్లీ దొరకదు. కానీ ఆ వేలంలో పనిచేసిన సూత్రమే మామూలు గ్యారేజీల్లో, పొలం షెడ్లలో దుమ్ము కొట్టుకుపోయి ఉన్న వేలాది పాత అమెరికన్ కార్లకూ వర్తిస్తుంది. ఈ కార్లను 'ప్రాజెక్ట్ కార్' అంటారు. ఇంజను తిరగదు, బ్రేకులు పట్టవు, నేల రేకు చిల్లులు పడి ఉంటుంది. అయినా ఒకటి 5,000 డాలర్లకు పోతుంది, పక్కనే అచ్చం అలాగే కనిపించే మరొకటి 50,000 దాటుతుంది. బయటివాళ్లకు ఇది పిచ్చిలా అనిపిస్తుంది. లోపల మాత్రం చాలా గట్టి లెక్క ఉంది. ఆ లెక్క తెలియకే అమ్మేవాళ్లు, ముఖ్యంగా భర్తో తండ్రో పోయాక ఆ కారు మిగిలిన కుటుంబాలు, ఎక్కువగా నష్టపోతున్నాయి.

నా ఉద్దేశంలో అమ్మబోయేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటే ఉంది. కారుకి రిపేర్లు చేయించడానికి పెట్టే డబ్బూ సమయమూ, అది ఏ కారో రుజువు చేసే ఆధారాలు పోగేయడం మీద పెట్టాలి.

ముందు ఈ మజిల్ కార్ల, అంటే మామూలు కారులో పెద్ద ఇంజను పెట్టి అమ్మిన అమెరికన్ కార్ల, పుట్టుక గురించి క్లుప్తంగా. 1964లో జనరల్ మోటార్స్‌లోని పాంటియాక్ విభాగం, మధ్యతరహా టెంపెస్ట్ లెమాన్స్ కారులో 389 ఘనపు అంగుళాల పెద్ద ఇంజను పెట్టి జీటీఓ అనే పేరుతో అమ్మింది. మధ్యతరహా కార్లలో అంత పెద్ద ఇంజను పెట్టకూడదని కంపెనీ నియమం ఉండేది. పాంటియాక్ ఇంజనీరు జాన్ డెలోరియన్ బృందం దాన్ని విడి మోడల్‌గా కాకుండా ఒక ఆప్షన్‌గా చూపించి ఆ నియమాన్ని దాటేసింది. మొదటి ఏడాదే 32,000కు పైగా అమ్ముడయ్యాయి. చెవర్లే షెవెల్, డాడ్జ్ చార్జర్, ప్లిమత్ రోడ్ రన్నర్ లాంటివి అదే దారి పట్టాయి. 1970 నాటి కాలుష్య నియంత్రణ చట్టం, బీమా కంపెనీలు వడ్డించిన అదనపు ప్రీమియం, 1971 నుంచి ఇంజన్లలో కంప్రెషన్ తగ్గించడం, 1973 చమురు సంక్షోభం వరసగా వచ్చి పడేసరికి ఆ యుగం పదేళ్లు తిరక్కుండానే ముగిసిపోయింది. అందుకే ఇవి పరిమితంగానే ఉన్నాయి. అప్పట్లో కొత్తగా కొన్న కుర్రాళ్లకు ఇప్పుడు డెబ్భై, ఎనభై ఏళ్లు. గ్యారేజీల తలుపులు ఇప్పుడు తెరుచుకోవడానికి కారణం అదే.

జీటీఓని ఆప్షన్‌గా అమ్మిన ఆ పాత ఉపాయమే ఈనాటి తలనొప్పికి మూలం కూడా. చాలా మజిల్ కార్లు కాగితం మీద మామూలు కుటుంబ కార్లే. ఆప్షన్ల పట్టీలో ఒక గుర్తు, ఇంజను మీద కొన్ని అక్షరాలు తప్ప తేడా ఉండదు.

ధర వెనక నుంచి ముందుకు

ప్రాజెక్ట్ కారు కొనేవాడు ముందుగా పూర్తిగా బాగుచేశాక ఆ కారు ఎంతకు పోతుందో అంచనా వేస్తాడు. దానికి హాగర్టీ లాంటి సంస్థల ధరల పట్టికలు ఉన్నాయి. కారు పరిస్థితిని బట్టి 1 నుంచి 4 దాకా నంబర్లిస్తారు. 1 అంటే ప్రదర్శనలో నిలబెట్టే స్థాయి. 4 అంటే లోపాలున్నా రోడ్డు మీద నడిచే కారు. ప్రాజెక్ట్ కారు 4 కంటే కిందే ఉంటుంది, కాబట్టి పట్టికలో నేరుగా దాని ధర దొరకదు. బాగుపడ్డాక వచ్చే ధరలోంచి బాగుచేయడానికి అయ్యే ఖర్చు తీసేస్తే మిగిలేదే దాని విలువ.

ఇక్కడే అసలు కిటుకుంది. లెక్క అర్థం కావడానికి కొన్ని అంకెలు ఊహించుకుందాం. రెండు 1970 షెవెల్ కార్లున్నాయి. రెండింటికీ అదే బాడీ, అదే తుప్పు. ఒకదానిలో మామూలు 307 ఇంజను, ఇంకోదానిలో పెద్ద ఇంజనుతో ఫ్యాక్టరీ ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్) ప్యాకేజీ. రేకు పని, పెయింటు, ఇంజను, సీట్లు, క్రోమ్, వైరింగ్ అన్నీ కలిపి ఒక్కోదానికి 60,000 డాలర్లు అవుతుందనుకోండి. వెల్డింగ్ చేసేవాడి గంట కూలికి అది ఏ మోడలో తెలియదు, ఇద్దరి దగ్గరా ఒకటే తీసుకుంటాడు. బాగుపడ్డాక మొదటిది 35,000కు పోతుంది, రెండోది 1,20,000కు. మొదటిదాన్ని ముట్టుకుంటే 25,000 నష్టం. రెండోదానిలో 60,000 మిగులు. అంటే, పూర్తయిన కార్ల ధరల్లో ఉన్న తేడా అంతా ఏమీ చేయని ఆ తుక్కు మీదే వచ్చి పడుతుంది.

అందుకే ప్రాజెక్ట్ కార్ల ధరల్లో అంత అగాధం. అది ఎస్ఎస్ అని నిరూపించగలిగితే ఒక ధర, 'మా నాన్న ఎస్ఎస్ అనేవారు' అంటే ఇంకో ధర.

మరి మొదటి రకం కారును ఎవరు కొంటారు? తన శ్రమకు లెక్క కట్టుకోని మనిషి. వెల్డింగ్ వచ్చినవాడు, శనివారాలు గ్యారేజీలో గడపడం ఇష్టమైనవాడు. పూర్తి రీస్టోరేషన్‌కు వెయ్యి గంటల పని దాటడం మామూలే. షాపులో డబ్బిచ్చి చేయించుకునేవాడికి లెక్క కుదరదు, సొంత చేతులతో చేసుకునేవాడికి కుదురుతుంది. మన ప్రకటన చదివేది ఎక్కువగా ఈ మనిషే. అతనికి వర్ణనలు అక్కర్లేదు. రేకు ఎక్కడ పోయింది, ఏ భాగాలు లేవు అన్నదే కావాలి.

ఇంజను మీద ఏం రాసి ఉంటుంది

1970 షెవెల్ ఎస్ఎస్‌నే తీసుకుని దగ్గరగా చూద్దాం. ఆ ఏడాదే జనరల్ మోటార్స్ మధ్యతరహా కార్ల ఇంజన్ల మీద అప్పటికి 400 ఘనపు అంగుళాలకు పెరిగిన పరిమితిని ఎత్తేసింది. 454 ఇంజను వచ్చింది. దానిలో ఎల్ఎస్6 రకానికి 450 హార్స్‌పవర్ అని కంపెనీ ప్రకటించింది. ఆ యుగంలో చెవర్లే అమ్మిన కార్లకు ప్రకటించిన అత్యధిక అంకె అదే. ఇప్పుడు కలెక్టర్లు ఎగబడేదీ, దొంగ కార్లు, అంటే మామూలు కారుని ఎస్ఎస్‌గా మార్చి చూపించేవి, ఎక్కువగా పుట్టేదీ అక్కడే.

ఇప్పటి కార్లకుండే 17 అక్షరాల వీఐఎన్ (వాహన గుర్తింపు సంఖ్య) 1981 మోడళ్ల నుంచి వచ్చింది. అంతకు ముందు ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. 1970 షెవెల్‌కి 13 ఉంటాయి. 136370బి అని మొదలైతే, 1 అంటే చెవర్లే, 36 అంటే వీ8 ఇంజనున్న మాలిబు (షెవెల్‌లోనే ఒక రకం), 37 అంటే రెండు తలుపుల స్పోర్ట్ కూపే, 0 అంటే 1970, బి అంటే బాల్టిమోర్ ఫ్యాక్టరీ. ఆ తర్వాతవి వరస సంఖ్య. ఇందులో ఎస్ఎస్ అని ఎక్కడా లేదు. 307 ఇంజనున్న మాలిబుకూ, ఎల్ఎస్6 ఉన్న ఎస్ఎస్‌కూ వీఐఎన్ మొదలు ఒక్కలాగే ఉంటుంది. 1966 నుంచి 1968 దాకా ఎస్ఎస్ 396 వేరే సిరీస్ కాబట్టి వాటి వీఐఎన్ 138తో మొదలవుతుంది, చూడగానే చెప్పేయొచ్చు. 1969లో దాన్ని ఆప్షన్‌గా మార్చేశారు. అక్కడి నుంచి వీఐఎన్ మూగబోయింది.

కాబట్టి ఇంజను దగ్గరికి వెళ్లాలి. కారులో ప్యాసింజర్ వైపు సిలిండర్ హెడ్‌కి ముందు, బ్లాకు మీద చదునుగా చిన్న జాగా ఉంటుంది. అక్కడ రెండు ముద్రలుంటాయి. ఒకటి, టి0213 లాంటి అక్షరాలు, ఆ తర్వాత మూడక్షరాల కోడ్. టి అంటే న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండా ఇంజన్ ప్లాంటు, 0213 అంటే ఫిబ్రవరి 13న బిగించారని. చివరి మూడక్షరాలు అది ఏ ఇంజనో చెబుతాయి. రెండో ముద్ర, కారు వీఐఎన్‌లోని చివరి భాగం: 1, 0, బి, ఆ తర్వాత వరస సంఖ్య. ఇది డాష్‌బోర్డు మీద అద్దంలోంచి కనిపించే వీఐఎన్ ప్లేటుతో కలిస్తే ఆ ఇంజను ఆ కారుతోనే పుట్టిందని అర్థం. 'నంబర్స్ మ్యాచింగ్' అంటే ఇదే.

అక్కడితో ఆగకూడదు. బ్లాకు పోత పోసిన తేదీ కూడా దాని మీదే ఉంటుంది. బి 6 0 అని ఉంటే ఫిబ్రవరి 6, 1970. నెలలకు ఏ నుంచి ఎల్ దాకా అక్షరాలు. బానెట్ ఎత్తితే ఎదురుగా, ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య గోడ మీద ఉండే ట్రిమ్ ట్యాగ్‌లో బాడీ తయారైన వారం ఉంటుంది. 03బి అంటే మార్చి రెండో వారం. ఫిబ్రవరి 6న పోత, 13న బిగింపు, మార్చి రెండో వారంలో కారు. ఇలా వరస కుదిరితే నమ్మకం కలుగుతుంది. ఏప్రిల్లో పోత పోసిన బ్లాకు మార్చిలో తయారైన కారులో ఉందంటే ఎక్కడో మార్పిడి జరిగిందన్నమాట. అదే ట్యాగ్ మీద రంగు కోడ్ కూడా ఉంటుంది. 28 అంటే ముదురు నీలం, 75 అంటే ఎరుపు. ఇప్పుడు పైన ఏ రంగున్నా ఫ్యాక్టరీ నుంచి వచ్చింది ఏదో తెలిసిపోతుంది.

ఆ చదును జాగా మీద మోసాలు చాలా జరుగుతాయి. వేరే బ్లాకు తెచ్చి, పాత ముద్రలు చెరిపేసి, కావలసిన నంబర్లు కొట్టేస్తారు. అనుభవమున్నవాళ్లు నంబర్లతో పాటు, ఫ్యాక్టరీ యంత్రం ఆ జాగాని చదును చేసినప్పుడు పడిన సన్నని సమాంతర గీతలు ఇంకా ఉన్నాయా అని చూస్తారు. గీతల్లేని నున్నటి లోహం మీద మెరిసే నంబర్లుంటే అనుమానిస్తారు. అమ్మేవాళ్లకు దీనివల్ల ఒక ముఖ్యమైన జాగ్రత్త ఉంది. అక్కడ యాభై ఏళ్ల జిడ్డు పేరుకుని ఉంటుంది. దాన్ని వైరు బ్రష్షుతోనో ఉప్పు కాగితంతోనో రుద్దితే ఆ గీతలు పోతాయి. నిజమైన కారే దొంగ కారులా కనిపిస్తుంది. జిడ్డు కరిగించే ద్రవం రాసి, మెత్తటి గుడ్డతో తుడిచి, పక్క నుంచి టార్చిలైటు వేసి ఫొటో తీస్తే చాలు.

ఇంజను మారిపోయిన కారయితే? అప్పుడు దిక్కు బిల్డ్ షీట్. ఫ్యాక్టరీలో ఏ కారుకి ఏం బిగించాలో రాసి ఉండే కాగితం అది. షెవెల్‌లో చాలాసార్లు పెట్రోలు ట్యాంకు పైభాగాన, నేల రేకుకీ ట్యాంకుకీ మధ్య ఇరుక్కుని దొరుకుతుంది. కొన్నిసార్లు సీటు స్ప్రింగుల్లో. ఎలుకలు కొట్టేసి, తడికి పాడై, ముట్టుకుంటే పొడిపొడి అయ్యేలా ఉంటుంది. ట్యాంకు దించే ముందే ఈ సంగతి తెలిసి ఉండాలి. కనిపించగానే లాగకుండా, ఉన్నచోటే ఫొటోలు తీసి, ఆ తర్వాత నెమ్మదిగా విడదీయాలి. దాని మీద ఎస్ఎస్ ప్యాకేజీ కోడ్ ఉండి, వీఐఎన్ మన కారుతో కలిస్తే ఆ ముక్కకు వేల డాలర్ల విలువ. అసెంబ్లీ లైన్ కార్మికులు ఒక కారు కాగితాన్ని ఇంకో కారులో పడేసిన సందర్భాలూ ఉన్నాయి కాబట్టి వీఐఎన్ సరిచూడకుండా సంబరపడొద్దు.

స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు ఎంత వెనక్కి ఉంటే కొనేవాడికి అంత ధైర్యం. ఈ కార్ల సంగతీ అంతే. డీలరు ఇచ్చిన బిల్లు, కిటికీకి అంటించిన ధరల కాగితం, వారంటీ పుస్తకంలో ఉండే ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే చిన్న లోహపు రేకు, పాత రిజిస్ట్రేషన్లు, 1972లో కారు పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో, సర్వీసు రసీదులు. ఇంట్లో అల్మరాలు, అటకలు వెతికితే ఇవి బయటపడతాయి. ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో ఇవన్నీ చెత్తబుట్టలోకి పోవడం చూస్తే నిజంగా బాధేస్తుంది.

మిగతా కంపెనీల్లో పని కొంత తేలిక. క్రైస్లర్ కార్లలో వీఐఎన్ ఐదో అక్షరమే ఇంజను చెప్పేస్తుంది: 1970లో ఆర్ అంటే 426 హెమీ, యు అంటే 440, వి అంటే మూడు కార్బురేటర్ల 440. దానికి తోడు బానెట్ కింద ఫెండర్ ట్యాగ్ మీద ఆప్షన్ల కోడ్‌లుంటాయి. ఫోర్డ్ 1967 నుంచి తయారుచేసిన కార్ల రికార్డులు మార్టీ అనే సంస్థ దగ్గర ఉన్నాయి. వీఐఎన్ ఇస్తే ఆ కారు ఎలా తయారైందో రిపోర్టు పంపుతారు. పాంటియాక్ కార్లకు పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ ఇదే పని చేస్తుంది. జీటీఓ 1966 నుంచి 1971 దాకా విడి మోడల్ కాబట్టి ఆ ఏళ్లలో వీఐఎన్ 242తో మొదలవుతుంది. అమ్మేవాళ్లు కొద్దిపాటి ఫీజు కట్టి ఈ రిపోర్టు ముందే తెప్పించుకోవాలి. కొనేవాడు తెప్పించుకుని, మనకు తెలియని విషయం మన కారు గురించి మనకే చెబితే బేరం అతని చేతిలోకి వెళ్లిపోతుంది.

తుప్పు

మిచిగన్, ఒహాయో లాంటి చలి రాష్ట్రాల్లో శీతాకాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది కారు కింద చేరి రేకును తినేస్తుంది. అరిజోనా ఎడారిలో ఎండకి పెయింటు, సీట్లు పోతాయి కానీ లోహం గట్టిగా ఉంటుంది. అందుకే ప్రకటనల్లో కారు ఏ రాష్ట్రంలో బతికిందో గర్వంగా రాస్తారు.

పైకి కనిపించే తుప్పు వేరు, కారుని మోసే భాగాల్లోని తుప్పు వేరు. షెవెల్ లాంటి కార్లకు వెనక చక్రాల చుట్టూ ఉండే రేకులు, నేల రేకు, డిక్కీ అడుగు అన్నీ ఇప్పుడు కొత్తగా అచ్చుపోసి అమ్ముతున్నారు. అవి పోయాయని కొనేవాడు భయపడడు. భయపడేది వేరేచోట. ముందు అద్దం కింద గాలి లోపలికి వెళ్లే పెట్టె, వెనక అద్దం చుట్టూ ఉండే గాడి, బాడీని ఛాసిస్‌కి బిగించే చోట్లు, వెనక ఇరుసు పైన వంపు తిరిగిన ఛాసిస్ భాగం. పైకప్పుకి వినైల్ గుడ్డ అంటించిన కార్లయితే ఆ గుడ్డ కింద తడి చేరి కప్పంతా జల్లెడైపోయి ఉండొచ్చు. మస్టాంగ్, చార్జర్ లాంటి వాటికి విడి ఛాసిస్ ఉండదు, బాడీయే ఎముకల గూడు. వాటిలో తుప్పు ఇంకా ప్రమాదం.

అమ్మేవాళ్లు పలుచటి గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసుకుని కారు చుట్టూ తిరిగితే పుట్టీ ఎక్కడుందో తెలిసిపోతుంది. అతుక్కోని చోటల్లా లోహం బదులు పుట్టీ ఉన్నట్టే. అలాంటి చోట్లన్నీ ఫొటోలు తీసి ప్రకటనలో పెట్టాలి. కారు కింద నుంచి తీసినవి, చిల్లుల్లోంచి వెలుతురు కనిపించేవి కూడా. చాలామంది ఇక్కడ వెనకాడతారు. కానీ ట్రెయిలర్ కట్టుకుని పదిహేను గంటలు డ్రైవ్ చేసి వచ్చినవాడు ప్రకటనలో లేని చిల్లు చూస్తే, ఆ ఒక్క చిల్లుకే ధర తగ్గించి ఊరుకోడు. మిగతా మాటలన్నీ అబద్ధమే అనుకుంటాడు. ఉన్న లోపాలన్నీ ముందే చూపించిన ప్రకటనకు వచ్చే ఫోన్లు తక్కువైనా, వచ్చినవాళ్లు కొనేవాళ్లై ఉంటారు.

చేయకూడని పనులు

అమ్మే ముందు కాస్త బాగుచేద్దాం అనే ఆలోచనే ఎక్కువ నష్టం తెస్తుంది. పైపైన కొట్టించిన చవక పెయింటు కింద ఏం దాచారో అని కొనేవాడు అనుమానిస్తాడు, పైగా దాన్ని గీకించే ఖర్చు కూడా ధరలోంచి తీసేస్తాడు. వెలిసిపోయినా ఫ్యాక్టరీ పెయింటే మేలు. సగం విప్పిన కారు ఇంకా అన్యాయం. డబ్బాల్లో పోసిన బోల్టులు, చిట్టీల్లేని భాగాలు చూస్తే ఏది ఉందో ఏది లేదో ఎవరూ చెప్పలేరు. మొత్తంగా ఉన్న కారులో సగం ధర కూడా రాకపోవచ్చు. విప్పకపోతే విప్పొద్దు. విప్పేసి ఉంటే ఒక్కో భాగానికి చిట్టీ కట్టి ఫొటో తీయాలి.

షెడ్డులో మూలపడున్న తుక్కు భాగాలను పారేయొద్దు. అప్పటి అసలు కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్, ఎయిర్ క్లీనర్ మూత, కాలుష్య నియంత్రణ పంపు, స్టెప్నీ జాక్ లాంటివి ఆనాటి యజమానులు పీకి పక్కన పడేసేవారు. ఇప్పుడు తేదీ ముద్ర సరిపోయే అసలు భాగం కోసం కలెక్టర్లు ఏళ్ల తరబడి వెతుకుతున్నారు.

ఏళ్ల తరబడి ఆగిపోయిన ఇంజనుకి బ్యాటరీ కలిపి తాళం తిప్పడం కూడా పెద్ద పొరపాటు. పాత పెట్రోలు జిగురైపోయి ఉంటుంది, పిస్టన్ రింగులు గోడలకు పట్టేసి ఉంటాయి. బలవంతంగా తిప్పితే బాగుపడే ఇంజను విరిగిపోతుంది. స్పార్క్ ప్లగ్గులు విప్పి, లోపల కాస్త నూనె పోసి, కొన్నాళ్లు నాననిచ్చి, ముందున్న పెద్ద బోల్టుకి రెంచి వేసి చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. తిరిగితే ఆ వీడియో తీసి పెట్టండి, 'ఇంజను పట్టేయలేదు' అన్న ఒక్క మాట ధర పెంచుతుంది. నిజానికి దానికంటే ముందు కావలసింది నాలుగు టైర్లలో గాలి నిలవడం, స్టీరింగు తిరగడం. ట్రెయిలర్ మీదికి దొర్లించగలిగే కారుకీ, క్రేనుతో ఎత్తాల్సిన కారుకీ తేడా ఉంటుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైంది వీఐఎన్ ప్లేటు. తుడవడానికో, రంగు వేయడానికో దాన్ని పీకొద్దు. వీఐఎన్‌ను కావాలని తొలగించడం, మార్చడం ఫెడరల్ నేరం. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉన్నాయి. కాన్సస్‌లో ఒకాయన డబ్బిచ్చి కొనుక్కున్న 1959 కార్వెట్‌ని, ఎప్పుడో రీస్టోరేషన్‌లో వీఐఎన్ ప్లేటు తీసి మళ్లీ బిగించారన్న కారణంతో ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. ఆయన తప్పేమీ లేకపోయినా ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. 2022లో ఆ రాష్ట్రం చట్టాన్నే మార్చింది. రివెట్లు ఫ్యాక్టరీవా కాదా అని కొనేవాళ్లు అంత నిశితంగా చూడడానికి కారణం ఇదే.

కాగితాలు, ప్రకటన, డబ్బు

టైటిల్ అంటే మన ఆర్‌సీ లాంటిది. అది అమ్మేవాళ్ల పేరు మీదే ఉండాలి. చనిపోయిన తండ్రి పేరు మీద ఉంటే వారసత్వ ప్రక్రియ పూర్తి చేసుకుని రావాలి. 1980ల్లో ఎప్పుడో తీర్చేసిన అప్పు తాలూకు బ్యాంకు పేరు టైటిల్ మీద అలాగే ఉంటే అప్పు తీరినట్టు లేఖ తెచ్చుకోవాలి. టైటిల్ మీది వీఐఎన్‌లో ఒక్క అంకె తప్పుగా టైపయి ఉండడం కూడా మామూలే, దాన్ని ముందే సరిచేయించాలి. కొన్ని రాష్ట్రాల్లో పాత కార్లకు టైటిలే ఉండదు. జార్జియాలో 1985, అంతకు ముందు మోడళ్లకు టైటిల్ అక్కర్లేదు. న్యూయార్క్‌లో 1972, అంతకు ముందు వాటికి రిజిస్ట్రేషన్ పత్రమే ఆధారం. వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాడికి ఇది తెలియక టెన్షన్ పడతాడు కాబట్టి ప్రకటనలోనే రాసేయడం మంచిది.

'యాజ్ ఈజ్' అని రాసేస్తే ఏ బాధ్యతా ఉండదని చాలామంది నమ్మకం. అది సగమే నిజం. కారు పరిస్థితి గురించి మనం చెప్పకుండా చట్టం ఊహించే హామీలు దాంతో పోతాయి. కానీ మనం నోరారా చెప్పిన మాట, 'నంబర్స్ మ్యాచింగ్', 'అసలు ఎస్ఎస్' లాంటివి, హామీలే అవుతాయి. అబద్ధమని తేలితే యాజ్ ఈజ్ కాపాడదు. అందువల్ల తీర్పులు రాయకుండా, చూసింది రాయాలి. 'ఇంజను మీద ఈ ముద్రలున్నాయి, ఫొటో ఇదిగో. బిల్డ్ షీట్ దొరకలేదు. ఓడోమీటర్ 43 వేలు చూపిస్తోంది, ఐదంకెల మీటరు కాబట్టి ఒకసారి తిరిగి వచ్చిందో లేదో చెప్పలేం.' ఇలా రాస్తే కోర్టుకూ జవాబుంటుంది, కొనేవాడికీ గౌరవం కలుగుతుంది. వీఐఎన్ చివరి అంకెలు మాత్రం ప్రకటనలో కప్పి, నిజంగా కొనేలా ఉన్నవాళ్లకే చూపించాలి. దొంగ కార్లు తయారుచేసేవాళ్లు అసలు నంబర్ల కోసం వెతుకుతూనే ఉంటారు.

ఎక్కడ అమ్మాలన్నది కారుని బట్టి. రుజువులున్న అరుదైన కారుకి దేశమంతా చూసే ఆన్‌లైన్ వేలాలు, 1954 నుంచి నడుస్తున్న హెమ్మింగ్స్ పత్రిక లాంటివి సరిపోతాయి. స్వీడన్, జర్మనీ, ఆస్ట్రేలియాల్లోనూ ఈ కార్లకు అభిమానులున్నారు కాబట్టి ఎంత ఎక్కువమంది చూస్తే అంత మంచిది. మామూలు మాలిబుకైతే ఊళ్లోని కారు క్లబ్బు, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ చాలు. మీకమ్, బ్యారెట్-జాక్సన్ లాంటి పెద్ద వేలాలు మెరిసే కార్లకు వేదికలు. తుక్కు కారుని అక్కడికి మోసుకెళ్లే ఖర్చు, ఫీజులు చాలాసార్లు దండగ.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఒకటుంది. మనిషి పోయిన రెండు వారాలకే తలుపు తట్టే 'స్నేహితుడు'. చేతిలో నగదు ఉంటుంది, 'ఇంకెవరికీ చూపించకండి, ఇప్పుడే తీసుకెళ్లిపోతా, మీకు శ్రమ తప్పుతుంది' అంటాడు. ఆ కారేమిటో అతనికి తెలుసు, ఇంట్లో మిగిలిన భార్యకు తెలియదు. యాభై ఏళ్లు ఆగిన కారు ఇంకో రెండు నెలలు ఆగుతుంది. డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లలో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, కార్ల కంపెనీల్లో పనిచేసేవాళ్లూ తక్కువేం కాదు. ఏటా ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద సాగే డ్రీమ్ క్రూజ్‌లో ఈ కార్లను చూసి ముచ్చటపడేవాళ్లం మనమే. పక్కింటి ముసలావిడ గ్యారేజీలో అలాంటిది ఉందని తెలిస్తే, అమ్మొద్దని కాదు, ఆ ఇంజను మీది నంబర్లు చదివించేదాకా ఆగమని చెప్పగలిగితే అదే పెద్ద సాయం.

మనమే కొనాలనుకుంటే, మనం ఉండే చాలా కాలనీల్లో హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నియమాల ప్రకారం నడవని కారుని డ్రైవ్‌వేలో ఉంచనివ్వరన్న సంగతి ముందే చూసుకోవాలి.

బేరం కుదిరాక డబ్బు దగ్గర జాగ్రత్త. నకిలీ క్యాషియర్స్ చెక్కులు చాలా తిరుగుతున్నాయి. కొనేవాడి బ్యాంకులోనే కలుసుకుని, కౌంటరు దగ్గర చెక్కు రాయించుకోవడమో, వైరు బదిలీ అయి మన ఖాతాలో పడిందని నిర్ధారించుకోవడమో చేయాలి. ఆ తర్వాతే టైటిల్ మీద సంతకం. అమ్మకపు పత్రం రెండు కాపీలు రాసి, వీఐఎన్, తేదీ, ధర, ప్రకటనలో చెప్పిన లోపాలు అన్నీ అందులో చేర్చి ఇద్దరూ సంతకాలు చేయాలి. నంబర్ ప్లేట్ల విషయంలో ఆ రాష్ట్రం నియమం ఏదైతే అది పాటించి, కారు చేతులు మారినట్టు రవాణా శాఖకు అదే రోజు తెలియజేయాలి. లేకపోతే ఆ ట్రెయిలర్ ఎక్కడ ఆగినా, ఆ కారుని ఎవరు ఎక్కడ వదిలేసినా నోటీసు పాత చిరునామాకే వస్తుంది.